పోలేరమ్మకు మూడు చుట్లు

“కారు టైరైతే ఐదేళ్లయినా అరగదు. నా బైకుకి అదే వెయ్యి,” అంటూ సర్పంచ్ బసివిరెడ్డి మూడోరోజూ వచ్చి కూర్చున్నాడు. మలుపులో బండి వంగాలనీ, పలకలాంటి టైరు వంగనివ్వదనీ చెప్పీ చెప్పీ మెకానిక్ సైదులుకి నోరు నొప్పెట్టింది.

“నాకే నేర్పుతావా?” అన్నాడు సర్పంచ్.

ఇక వాదించే ఓపిక లేక సైదులు టైరు బిగించేశాడు. “ఆనవాయితీ తప్పకూడదండీ. నిమ్మకాయ తొక్కించి, కాలు కింద పెట్టకుండా పోలేరమ్మ గుడి చుట్టూ మూడు చుట్లు తిరగండి.”

ఊరంతా చూస్తుండగా బయల్దేరిన సర్పంచ్ మొదటి మలుపు తిరక్కుండా తిన్నగా ఎదురుగా ఉన్న గడ్డివాములోకి పోయాడు.

గడ్డి దులుపుకుంటూ లేచి, “పాత టైరేదిరా?” అన్నాడు.

పాత టైరు, పానాలు ముందేసుకుని ఆ వాము పక్కనే కూర్చున్న సైదులు, “మీకోసమే చూస్తున్నానండీ,” అన్నాడు.