సోలెడు పాలకు సోలెడు ఏడుపు

మా ఊళ్ళో తెలివైనవాళ్ళెవరయ్యా అని అడగడం పూర్తి కాకముందే "మేమే" అని చెయ్యెత్తే ఇల్లు ఒకటుంది. సన్యాసయ్య, ఆయన పెళ్ళాం పైడమ్మ, కొడుకు గవరయ్య. వాళ్ళతో చిక్కల్లా ఒకటే. పెరుగు తోడుకోకపోయినా, చెప్పు తెగినా గుండెలు బాదుకుని ఏడుస్తారు. ఆ గోల విని మేం పాడె కట్టడానికి వెదుళ్ళు పట్టుకుని పరుగెత్తిన రోజులు కూడా ఉన్నాయి, ఏం చెప్పమంటారు!

గవరయ్యకు ముప్పై దాటాయి. ఈ ఏడుపులు చూసి వచ్చిన సంబంధాలన్నీ వెనక్కి పోయాయి. చివరికి పొరుగూరి పాపినాయుడు, పిల్లనిచ్చే ముందు ఇల్లూ వాకిలీ చూసుకుంటానని కబురు పెట్టాడు. పక్కింటి నూకాలమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఒరే గవరయ్యా, ఇదీ తప్పిందంటే నీకిక పెళ్ళి లేదు. నష్టం ఎంతో ఏడుపూ అంతే ఉండాలి, తెలిసిందా?"

"ఆ మాత్రం మాకు తెలీదా!" అన్నారు ముగ్గురూ.

నాయుడు వచ్చే రోజు పొద్దున్నే పాలు పొంగిపోయాయి. పైడమ్మ శోకం ఎత్తుకోబోతే సన్యాసయ్య ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగవే! ఎన్ని పోయాయి?"

"సోలెడు."

"అయితే సోలెడే ఏడవాలి. చుక్క ఎక్కువైతే ఊరుకోను. సోల తే!"

ఇంకేముంది, సోలగిన్నె మధ్యలో పెట్టుకుని చుట్టూ కూర్చున్నారు. గంట ఏడ్చినా గిన్నె అడుగు తడవలేదు. గవరయ్య ఉల్లిపాయలు తరిగాడు. కాస్త తడిసింది. సన్యాసయ్య పచ్చిమిరపకాయ నలిపి అందరి కళ్ళకూ రాశాడు. అంతే, ఇల్లెగిరిపోయేలా కేకలు! కళ్ళు కనపడక పైడమ్మ గిన్నెను తన్నేసింది.

"అయ్యో, ఒలికిన కన్నీళ్ళకు కూడా ఏడవాలా?"

"ఏడవాలి మరి! అదీ నష్టమేగా!"

సరిగ్గా అప్పుడే పాపినాయుడు గుమ్మంలోకి వచ్చాడు. వాచిపోయిన మూడు మొహాలు చూసి, పాపం, భుజం మీది కండువా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఎవరండీ పోయింది?"

"పాలండీ," అన్నాడు సన్యాసయ్య ముక్కు చీదుతూ. "ఇంకా సోలెడు పైనే ఏడవాలి. వేళకొచ్చారు, మీరూ ఓ చెయ్యి వేద్దురూ!"

గవరయ్య మర్యాదగా పీట వేసి, కాబోయే మామ చేతిలో ఒక మిరపకాయ పెట్టాడు.

పాపినాయుడు చెప్పులు కూడా తొడుక్కోకుండా బండెక్కేశాడు.

గవరయ్య ప్రాణం ఉసూరుమంది. ఆ పిల్లను సంతలో చూసిన దగ్గర్నుంచీ వాడికి అన్నం సయించడం లేదు. ఈసారి నిజమైన ఏడుపే తన్నుకొచ్చింది. నోరు తెరిచాడో లేదో, తండ్రి కసిరాడు.

"ఆగరా! ఎంత పోయిందో చూసుకోవద్దూ?"

గవరయ్య ఏడుపు దిగమింగి లెక్కకు దిగాడు. పిల్ల ఎంత బరువుంటుందో వీళ్ళకేం తెలుసు? అంతే, అటక మీది తక్కెడ దించి భుజాన వేసుకుని, ముగ్గురూ బండి వెనకాల లగెత్తారు.

"నాయుడుగారూ, ఆగండి! మీ అమ్మాయి ఎన్ని మణుగులుంటుందో చెప్పి పోండి బాబూ, మావాడు ఏడవాలి!"