దస్తరంలో రాజుగారి వాటా

పూర్వం ఒక రాజ్యంలో భూముల లెక్కలు దాచే దస్తరాల గదికి చెంగల్రాయుడు అధికారి. పాతికేళ్లుగా ఆయన చేసిన ఘనకార్యం ఒక్కటే: ఆ గదికి తాళం వేసి ఉంచడం. తాళం వెయ్యడంలో తనంత పండితుడు లేడని ఆయన నమ్మకం.

ఒకరోజు గొర్రెలు కాసుకునే ఈరమ్మ వచ్చింది. ఊరుమ్మడి మేతబీడు తనదేనంటూ పెత్తందారు కంచె వేశాడట. బీడు హద్దులు రాసిన కాగితానికి నకలు కావాలంది.

"దస్తరం రాజుగారి సొత్తు. ఒక్క అక్షరం ఎత్తి రాసుకున్నా దొంగతనమే!" అన్నాడు చెంగల్రాయుడు మీసం దువ్వుతూ.

"రాజుగారి సొత్తు మాకెందుకు దొరా! భూమి కొలతలప్పుడు హద్దులు చెప్పింది మా ఊరివాళ్లు. వాళ్లు చెప్పినవి మాకిచ్చెయ్యండి. రాజుగారు చెప్పినవి మీరే ఉంచుకోండి," అంది ఈరమ్మ.

ఇదేదో న్యాయంగానే ఉందనుకుని ఆయన కాగితం తీశాడు. ప్రతి హద్దు పక్కనా అది చెప్పినవారి పేరు రాయడం అప్పటి ఆనవాయితీ. తూర్పున వాగు, చెప్పింది ఈరమ్మ తాత. పడమట రాతిగుట్ట, చెప్పింది కుమ్మరి ఓబయ్య. ఉత్తరం, దక్షిణం కూడా అంతే. వెతగ్గా వెతగ్గా రాజుగారి వాటాకి కాగితం అడుగునున్న ముద్ర ఒక్కటే మిగిలింది.

పోనీ చేతిరాతైనా తనదేమోనని చెంగల్రాయుడు చూస్తే, అదీ పాత అధికారిది. "ఇన్నాళ్లూ వీళ్ల మాటల్ని వీళ్లకే అందకుండా కాపలా కాశానన్నమాట!" అనుకుని తనమీద తనే పగలబడి నవ్వాడు. నకలు స్వయంగా రాసి, చేవ్రాలు చేసి ఇచ్చాడు.

గుమ్మం దగ్గర ఈరమ్మ వెనక్కి తిరిగింది.

"ఇక తాళం వేసుకోండి దొరా. లోపల రాజుగారి ముద్ర ఉంది, జాగ్రత్త!"