ఏడుబావులపురంలో సున్నుండల విందు

ప్రతాపభూపతి మహారాజుకి ఒకనాడు పళ్ళు తోముకుంటుండగా ఒక ఆలోచన వచ్చింది. ఆయనకి ఆలోచన వచ్చిందంటే రాజ్యానికి చలిజ్వరం వచ్చినట్టే. ఇకమీదట ఏ ఊరి పెద్దని ఆ ఊరివాళ్ళే ఎంచుకోవాలి. తానే వెళ్ళి చెవులారా వింటాడు. నగారా మోగగానే ఎవరి పేరుకి జై గట్టిగా వినబడితే వాళ్ళదే పెద్దరికం. సభంతా ఆహా అంది. అనకపోతే భోజనాల వేళ దాటిపోతుంది మరి.

ఆ భోజనాలు వండించే పేరిందేవమ్మ గరిటె పక్కన పెట్టి సభలోకి వచ్చింది. కోట వంటశాలకి ఆవిడే పెద్ద. ఆవిడ పోపు వేస్తే పక్క రాజ్యం సైనికులు కత్తులు కింద పడేసి ఇటుకేసి ముక్కులెగరేసేవాళ్ళు. తగ్గించి చెబితేనే ఇంత.

“మా ఏడుబావులపురానికి పెద్దగా నేను నిలబడతాను, ప్రభూ,” అంది.

రాజుగారికి గుండె ఆగినంత పనైంది. ఎందుకమ్మా అంటే ఆవిడ చెప్పుకొచ్చింది. కిందటి నెల పుట్టింటికి వెళ్తే, పిన్ని బియ్యం కడక్కుండానే ఎసట్లో పోసిందట. ఊళ్ళో ఏడు బావులూ పూడిపోయాయి. నీళ్ళకి కోసెడు దూరం వాగుకి పోవాలి. బిందెలు మోసి మోసి ఆడవాళ్ళకి నడినెత్తిన జుట్టు మొలవడం మానేసింది. అది చూసి వచ్చిన మనిషికి ఇక్కడ కాగుల కొద్దీ నీళ్ళు పారబోస్తూ వండాలంటే చెయ్యి ఆడటం లేదు.

“సరే. ఓడిపోయావో, జన్మలో మళ్ళీ సెలవన్న మాట ఎత్తకూడదు. నువ్వూ, నా పొయ్యీ,” అన్నాడు రాజు. ఆవిడ అటు వెళ్ళగానే, ఓడిపోవాలని కనబడిన దేవుడికల్లా మొక్కేసుకున్నాడు.

ఏడుబావులపురానికి అప్పటికి ఉద్దండయ్య పెద్ద. బావుల పూడిక తీయమని కోట నుంచి ఆజ్ఞ వస్తే, పూడిక అలాగే ఉంచి పైన సింగారం చేయించిన ఘనుడు. గట్లకి సున్నం, గిలకలకి ఇత్తడి తొడుగులు, చేంతాళ్ళకి వెండి చేదలు, ప్రతి బావి పక్కనా తన నిలువెత్తు బొమ్మ. బావిలోకి తొంగిచూస్తే దుమ్ము, తలెత్తితే ఉద్దండయ్య మీసం.

ఇన్నేళ్ళూ కోటలో పప్పు రుబ్బుకున్న మనిషికి ఊరి సంగతులేం తెలుసని అతను అరుగులన్నీ తిరిగి ఎగతాళి చేశాడు. అది చాల్లేదు. నేరుగా పేరిందేవమ్మ పిన్ని వాకిట్లోకే వచ్చాడు.

“ఊరికి సేవ చేస్తానని వచ్చావుగా, పేరిందేవీ. రాజుగారొచ్చే రోజు ఊరందరికీ నా చేత్తో సున్నుండలు పంచుతున్నాను. ఆ వండే సేవేదో నువ్వే చేసిపెట్టు.”

ఏడుస్తుందనుకున్నాడు. ఆవిడ కొంగు దోపుకుంది.

“అలాగే ఉద్దండయ్యగారూ. వంట నాది. తిన్నవాళ్ళకి నీళ్ళిచ్చే పూచీ మాత్రం మీది.”

“ఏడు బావులు పెట్టుకుని నీళ్ళకి కరువేంటమ్మా,” అని మీసం దువ్వాడు. అక్కడితో ఆగాడా? మా బావుల నీళ్ళు కొబ్బరినీళ్ళు, దారిలో తాగడానికి నీళ్ళు మోయించుకు రావద్దని రాజుగారికి కబురు కూడా పంపాడు.

వాడి విందుకి నువ్వు వండుతావటే, నీకు మతిపోయిందా అని పిన్ని తలబాదుకుంది. ఊరంతటికీ కలిపి ఉద్దండయ్య పంపిన నెయ్యి గిద్దెడు. ఇంకొకరైతే ఆ గిద్దె తీసుకెళ్ళి అతని నెత్తిన బోర్లించేవాళ్ళు. పేరిందేవమ్మ నవ్వుకుంది. మినుములు దోరగా వేయించి, ఊపిరి తగిలితే పొరుగూరికి ఎగిరిపోయేంత మెత్తగా తిరగట్లో విసిరింది. బెల్లం కలిపి, నేతి వాసన చూపించి, ఒక్కోటీ కొబ్బరికాయంత ఉండ కట్టింది.

రాజుగారు ఏనుగు మీద వచ్చాడు. నెల్లాళ్ళుగా కొత్త వంటవాడి చారు తాగి సగమైపోయాడు పాపం. ఆ వాసన తగలగానే ఏనుగు మోకాళ్ళు వంచేదాకా ఆగకుండా దూకేసి, ఒక ఉండ అమాంతం నోట్లో కుక్కుకున్నాడు. ఆయన్ని చూసి ఉద్దండయ్య, ఉద్దండయ్యని చూసి ఊరు. వండినావిడ మాత్రం ఆఖర్న తినాలిగా, పేరిందేవమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

నగారా మోగింది.

జై లేదు. ఊరు ఊరంతా దూడ కోసం మూలిగే గేదెల మందలా “మ్మ్మ్” అంది. రాజుగారికి కోపం వచ్చింది గాని అది బయటికి రావడానికి దారి లేదు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. కళ్ళు గుమ్మడికాయలంత చేసుకుని బొటనవేలు నోటివైపు చూపించాడు.

ఉద్దండయ్య మొదటి బావికి పరిగెత్తి వెండి చేద వదిలాడు. ఠంగుమంది. పైకి లాగితే ఒక మట్టిగడ్డ, దాని మీద నిద్ర చెడినందుకు చిరాకుగా చూస్తున్న ఒక కప్ప. రెండో బావి, మూడో బావి, ఏడో బావి. తిరిగొచ్చేసరికి అతని మీసం గడ్డంలా వేలాడుతోంది.

మాటాడగలిగిన నోరు ఆ ఊళ్ళో ఒక్కటే మిగిలింది.

“మహారాజా, ఊరంతా ఉద్దండయ్యగారికి జై కొట్టాలనే చూస్తోంది. తలా గుక్కెడు నీళ్ళు పోయించమనండి, చాలు.”

రాజు కప్పని చూశాడు. బొమ్మ మీసం చూశాడు. ఆడవాళ్ళ నడినెత్తులు చూశాడు. అప్పుడు పేరిందేవమ్మ, తెల్లవారుతూనే పిన్ని వాగు నుంచి మోసుకొచ్చిన చెంబు ఆయన చేతికిచ్చింది. ఆయన గటగటా తాగి, నోరు చప్పరించి చూసుకున్నాడు.

“నువ్వు చెప్పినా, ఈ ఊరి నుంచి ఒక్క మొరైనా రాకపోతే సుఖంగా ఉన్నారనే అనుకున్నాను,” అన్నాడు. “నోళ్ళెండిపోయి ఊరుకున్నారన్నమాట.”

తర్వాత రేపటి చారు గుర్తొచ్చి ఒక నిట్టూర్పు విడిచాడు. విడిచి, ఊరదిరేలా, “పేరిందేవమ్మకి జై” అన్నాడు.

వినబడిన జై అదొక్కటే. ఆయన పెట్టిన నియమం ప్రకారమే తీర్పు అయిపోయింది. మెడలో హారం తీసి ఆవిడకిచ్చాడు. పలుగూ పారా తెప్పించి ఉద్దండయ్యకిచ్చాడు, నీళ్ళు పడేదాకా బావిలోంచి పైకి రావద్దని.

“నెలకోసారి సున్నుండలు పంపుతుండు, పేరిందేవీ. నెయ్యి మాత్రం నేనే పంపుతాను.”

“ఈ ఊరి నీళ్ళు కూడా ఒక చెంబుడు పంపిస్తాను, ప్రభూ.”

ఊరంతా ఒక్కసారి నవ్వింది. నోళ్ళు తెరుచుకోలేదుగా, నవ్వంతా ముక్కుల్లోంచే వచ్చి, మినపపిండి మబ్బులా లేచి ఏడు బావుల మీదా, ఏడు మీసాల మీదా తెల్లగా రాలింది.