పళ్ళ గాట్లున్న గిలక్కాయ

ఈ ఉదంతాన్ని మొదట చెప్పినవారు శిశువిహారం నడిపిన ఇందుమతి గారు. అదీ తమ వీడ్కోలు సభ ముగిసి, కుర్చీలు మడుస్తున్న వేళ, మెల్లగా. బొమ్మల వీధిలోని పైడమ్మ తరువాత దాన్ని ఒక్క చోట సరిదిద్దింది. ఆ సవరణతోనే ఇది మీ ముందుకు వస్తోంది.

చాలా యేళ్ళ కిందట శిశువిహారంలో ఒక పసివాడు గుడ్డ కుందేలు కన్ను పీకి మింగాడు. బిడ్డ దక్కాడు గాని, అప్పటినుంచి ఇందుమతికి ఏ బొమ్మను చూసినా దొంగను చూసినట్టే ఉండేది. ఇప్పుడు ఇరవై గిలక్కాయలు కావాలి. తనకు శిశుశిక్షణ నేర్పిన దక్షిణామూర్తి మాస్టారి దగ్గరకు వెళ్ళి, "ఎవరి మాట నమ్మి కొనమంటారు, మాస్టారూ?" అని అడిగింది. ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. లేచి చెప్పులు వేసుకున్నారు.

బొమ్మల వీధిలో లక్క బొమ్మలు చేసే అప్పలస్వామి వారిని అరుగు మీద కూర్చోబెట్టి, గులాబీ రంగున మెరిసే గిలక్కాయలు గుట్టగా పోశాడు. ఇందుమతి ఒకదాన్ని గోటితో గీకింది, తడి రుమాలుతో తుడిచింది, వాసన చూసింది. రంగు కాస్తయినా అంటలేదు. అంటకపోవడమే ఆమె అనుమానాన్ని పెంచింది.

"ఏటమ్మగోరూ, పోలీసోళ్ళలాగ సూత్తన్నారు!" అని నవ్వాడు అప్పలస్వామి. "కొత్త రంగేదైనా ముందు మా ఇంటి పిల్ల నోట్లో పడాల. అది వారం రోజులు సీకి, కొరికినాకే మిగతాయి గంపకెక్కుతాయి. మా తాతల కాడ్నించీ అంతే."

ఆ వీధికి అలాంటి ఆచారం ఉన్నమాట నిజమే. మాస్టారు తల ఊపారు. ఇందుమతి మనసు కొంత కుదుటపడి, సంచీ తెరవబోయింది. అంతలో మాస్టారు ఒక గులాబీ గిలక్కాయ తీసి, గడప దగ్గర పాకుతున్న అతని మనవరాలి ముందు ఆడించారు. పిల్ల కేరింతలు కొడుతూ అందుకుని, నోటి దాకా తీసుకుపోయింది.

వాకిట్లో అంట్లు తోముతున్న కోడలు పైడమ్మ బూడిద చేతులతోనే పరుగున వచ్చి, దాన్ని లాగేసింది. "అది కాదే అమ్మా, ఇదిగో నీది" అంటూ పసుపు గిలక్కాయ ఒకటి చేతిలో పెట్టింది. దాని రంగు వెలిసింది. ఒళ్ళంతా పళ్ళ గాట్లు.

ఆ తరువాత ఎవరూ నోరు మెదపలేదని ఇందుమతి గారన్నారు. పైడమ్మ సవరణ ఇక్కడే. తాను మాట్లాడానంటుంది: "బజార్లో కొన్న ఆ గులాబీ రంగు పొడి కలిపిన నా సేతులే మూడు రోజులు మండినాయి, మావా. మన పిల్లకి పెట్టనిది ఊళ్ళో పిల్లలకెలాగ పెడతాం?"

మాస్టారు పాప చేతిలోని పాత గిలక్కాయను చూపించి, "ఇటువంటివి ఇరవై చెయ్యి, అప్పలస్వామీ. తొందరేం లేదు" అన్నారు.

ఆ గులాబీ గుట్ట మళ్ళీ గంపకెక్కలేదు. అప్పలస్వామి బతికినన్నాళ్ళూ తమ ఆచారం గురించి గొప్పలు చెప్పుకోలేదు గాని, దాన్ని మరెప్పుడూ తప్పలేదు. ఇప్పుడు పైడమ్మే పని నడుపుతోంది. ఆ పసిపిల్ల లెక్కల టీచరైంది. ఇందుమతి గారు నేటికీ మనవల బొమ్మలను గోటితో గీకి చూస్తారు. మాస్టారు చివరిసారి శిశువిహారానికి వచ్చినప్పుడు, కొత్త పంతులమ్మ ఒక బొమ్మను, దానివల్ల హాని లేదని ముద్ర వేసిన కాగితాన్ని ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, ఆసాంతం చదివి, మర్యాదగా తిరిగిచ్చారు.

"బాగా రాశారమ్మా. రాసినాయనకు పిల్లలున్నారా?"