బొమ్మ వంకరగా ఉందా?

శమంతకి పదకొండోసారి కూడా గోడ నచ్చలేదు.

విజయవాడలో అదొక పాత హాలు. నలభై రెండు బొమ్మలు గోడవారగా నేలమీద ఆనించి ఉన్నాయి. అవన్నీ బందరులో డ్రాయింగు మాస్టారుగా పనిచేసి, చడీచప్పుడు లేకుండా పోయిన ఒక ముసలాయన వేసినవి. ఆయన బతికుండగా వాటిలో ఒక్కటీ నలుగురి కంట పడలేదు. వెతికి తెచ్చి, ఏది ముందు ఏది వెనక అని వరస కూర్చి, జనానికి చూపించే పని శమంతది. ఆమె క్యూరేటర్. ప్రదర్శనకి ఇంకా ఆరు రోజులే ఉన్నాయి.

ఆమెకి నిద్ర పట్టడం లేదు. పడవ బొమ్మ పక్కన వల బొమ్మ పెడుతుంది, తీసేస్తుంది. వల పక్కన వాన పెడుతుంది, అదీ తీసేస్తుంది. అన్నం ముందు కూర్చున్నా గోడే కనిపిస్తుంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు వెళ్ళాలో తోచదు.

చివరికి గురువుగారికి కబురు పెట్టింది.

మస్తాన్‌వలీ మాస్టారు నలభై ఏళ్ళు ప్రదర్శనలు కూర్చిన మనిషి. శమంతకీ, ఫిలోమినాకీ ఆ పని నేర్పింది ఆయనే. ఇద్దరూ ఒకే ఏడు ఆయన దగ్గర చేరారు, ఒకే క్యారేజీలో తిన్నారు. మూడు నెలల కిందట ఫిలోమినా పెట్టిన ప్రదర్శనలో బొమ్మలన్నీ మోకాలి ఎత్తున వేలాడాయి. చూడాలంటే చాపమీద కూర్చోవాల్సిందే. పత్రికలు మెచ్చుకున్నాయి. ఆ ఆలోచన శమంతది. ఎప్పుడో బస్సులో మాటల మధ్య చెప్పింది. ఫిలోమినా ఎక్కడా ఆమె పేరెత్తలేదు.

అప్పట్నించీ శమంత తన ఆలోచనలు ఎవరికీ చెప్పడం మానేసింది. ఫిలోమినా ఫోన్ చేస్తే ఎత్తడం కూడా మానేసింది. ఈ మధ్య ఆ ఫోన్లు మరీ ఎక్కువయ్యాయి. ఇంకేదో లాగడానికే అనుకుంది.

మాస్టారు మధ్యాహ్నం ఆటో దిగి వచ్చారు. పది రోజుల కిందటే కంట్లో శుక్లం తీశారు. నల్లద్దాలు పెట్టుకుని, గుమ్మం తడుముకుంటూ లోపలికి నడిచారు.

"మాస్టారూ, వరస కుదరడం లేదు. ఏది చూసినా తప్పుగానే ఉంది. నాలోనే ఏదో చెడిపోయిందేమో. ఏం చెయ్యను?"

ఆయన ఫ్రేముల మీద చెయ్యి ఆనించుకుంటూ వెళ్ళి, అన్నిటికన్నా పెద్దదైన సముద్రం బొమ్మ దగ్గర ఆగారు.

"దీన్ని గోడకి పట్టుకో."

ఆమె ఎత్తి, రెండు చేతులా గోడకి అదిమింది. ఫ్రేము ముక్కుకి జానెడు దూరంలో ఉంది.

"వంకరగా ఉందా?" అడిగారు.

"నాకెలా తెలుస్తుందండీ, పట్టుకున్నది నేనైతే? మీరే చెప్పాలి."

"నాకు గోడే మసగ్గా ఉందమ్మాయ్. నువ్వే చెప్పు."

మెడ వెనక్కి వాల్చింది. పక్కకి వంచింది. లాభం లేదు.

"తెలియడం లేదు మాస్టారూ."

"అయితే పట్టుకునే ఉండు."

ఆయన స్టూలు మీద కూర్చుని వక్కపలుకు నోట్లో వేసుకున్నారు. శమంత చేతులు లాగాయి. భుజాలు వణికాయి. చెమట కంట్లోకి దిగింది.

"ఎవరైనా వచ్చి చూడాలి!" అంది చివరికి, విసుగ్గా.

"ఎవరు?"

ఆమె కాసేపటికి బొమ్మ దించి, ఫోన్ తీసింది.

ఫిలోమినా మొదటి రింగుకే ఎత్తింది.

"ఓసారి హాలుకి వస్తావా? బొమ్మ వంకరగా ఉందో లేదో చూడాలి."

 "వస్తున్నా."

అరగంటలో వచ్చింది. మనిషి సగమైపోయింది. జుట్టు దువ్వుకుని ఎన్నాళ్ళయిందో. శమంత ఏమీ అడగకుండా బొమ్మ ఎత్తి పట్టుకుంది. ఫిలోమినా వెనక్కి నడిచి నిలబడింది.

"కుడివైపు వేలెడు దించు. ఇంకొంచెం. చాలు." బొమ్మకేసి తేరిపార చూసి అంది, "పెద్దదని ఇది చివర్న పెట్టకే. గుమ్మంలోనే పెట్టు. ముందు సముద్రం కనబడనీ."

శమంతకి ఒళ్ళు ఝల్లుమంది. నిజమే! పదకొండుసార్లూ దాన్ని చివర్నే పెట్టింది.

"ఆ పక్కన ఏది?" అని అడిగింది.  తిరిగి చూస్తే ఫిలోమినా నేలమీద కూలబడి ఉంది, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని.

"ఏమైందే?"

"హాల్లోకి అడుగుపెడితే గోడలు మీదికి వస్తున్నాయే. నెలయింది. వచ్చే ప్రదర్శన చెయ్యనని రాసిచ్చేశాను. అది చెబుదామనే నీకు ఫోన్లు." ముక్కు తుడుచుకుంది. "ఆ చాపల సంగతి నీదే. నీ పేరు చెప్పాల్సింది. నోరు రాలేదు."

శమంత బొమ్మ కింద పెట్టింది. కోపం ఇంకా పూర్తిగా పోలేదు. అయినా వెళ్ళి పక్కన కూర్చుంది. ఫిలోమినా చేతులు ఐసుగడ్డల్లా ఉన్నాయి.

"డాక్టరుకి చూపించుకున్నావా?"

"రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. రేపటికి మళ్ళీ టైము తీసుకున్నాను."

"ఎన్నింటికి?"

"నీకు ఆరు రోజులేగా ఉంది."

"ఎన్నింటికో చెప్పవే."

"పదకొండింటికి."

శమంత నలభై రెండు బొమ్మలకేసి ఓసారి చూసింది.  నెమ్మదిగా లేచి మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

"మాస్టారూ, రేపు పొద్దున నేను రాలేను. మరి ఈ గోడ..."

మస్తాన్‌వలీ మాస్టారు నల్లద్దాలు తీసి పైపంచెతో తుడుచుకున్నారు.

"గోడ ఎక్కడికీ పోదమ్మాయ్," అన్నారు. "పోతే మనుషులే పోతారు."