గవరయ్య ఇంటి పదహారు రేకులు

గవరయ్య ఇంట్లో ఉండేది ముగ్గురు. గవరయ్య, అతని పెళ్ళాం నూకరత్నం, తమ్ముడు పెంటయ్య. ఊళ్ళో మిగతావాళ్ళంతా చెప్పిన మాట సగం విని సగం గాలికొదిలేస్తారని, తమ ఇంట్లో మాత్రం ఒక్క ముక్క కూడా పొల్లు పోదని గవరయ్యకు మహా గొప్ప. ఎవరేం చెప్పినా వెంటనే భుజం మీద తుండుగుడ్డకు ఒక ముడి వేస్తాడు. ఆ పని అయ్యాక ముడి విప్పుతాడు. ఇంత పద్ధతిగా బతికే ఇల్లు జిల్లా మొత్తం మీద ఇంకొకటి ఉండదని నూకరత్నం నీళ్ళకు వెళ్ళిన చోటల్లా చెప్పేది. వినేవాళ్ళు నవ్వితే సంతోషపడి నవ్వుతున్నారనుకునేది.

ఆ ఊరు సముద్రానికి బాగా దగ్గర. కిందటేడు తుపానుకి గవరయ్య ఇంటి తాటాకు కప్పు లేచిపోయి ఎదురింటి సన్యాసిరావు రొయ్యల చెరువులో పడింది. ముగ్గురూ పదిహేడు రోజులు బడి అరుగు మీద పడుకున్నారు. పొద్దున్నే బడికొచ్చిన పిల్లలు వాళ్ళను దాటుకుంటూ వెళ్ళేవాళ్ళు. ఆ సిగ్గు గవరయ్య ఇంకా మరిచిపోలేదు. ఈ వేసవిలో కిందా మీదా పడి కొత్త రేకులు వేయించాడు. పదహారు రేకులు. వాటిని చూస్తే అతనికి కడుపు నిండిపోతుంది. అన్నం తింటూ కూడా పైకే చూస్తాడు.

ఓ రోజు పొద్దున్నే మైకు కట్టిన ఆటో వీధిలోకి వచ్చింది. సాయంత్రానికి తుపాను వస్తుందట. గిన్నెలన్నిటిలో నీళ్ళు పట్టి ఉంచుకోవాలి. కరెంటు పోతుంది కాబట్టి మూడు రోజులకు సరిపడా వెలుతురు ఏర్పాటు చేసుకోవాలి. గాలికి ఎగిరిపోయేవన్నీ ముందే తీసి ఇంట్లో పెట్టుకోవాలి. తుపాను దాటేదాకా ఇల్లు కదలకూడదు. గవరయ్య ఆటో వెంట వీధి చివరిదాకా నడిచి, అన్నీ రెండేసిసార్లు విని, నాలుగు ముడులు వేసుకుని వచ్చాడు.

మొదటి ముడి నీళ్ళది. గిన్నెలన్నిటిలో అన్నారు కదా. అంతే, బిందెలు నిండాయి, కుండలు నిండాయి. పళ్ళేలు, గ్లాసులు, గరిటెలు కూడా నిండాయి. ఆవాల డబ్బాలో ఆవాలు పేపరు మీద పోసి అందులోనూ నీళ్ళు పట్టారు. పెంటయ్య ఇల్లంతా వెతికి లాంతరు తెచ్చాడు. దీని పొట్ట కూడా ఖాళీగా ఉంచకూడదు కదా అన్నాడు. ఇంకేముంది, ఉన్న కిరసనాయిలు దొడ్లో పారబోసి లాంతరు నిండా నీళ్ళు పోశారు. పొయ్యి వెలిగించబోయేసరికి అన్నం వండడానికి గిన్నె లేదు. ఒక గిన్నె ఒంపేద్దామంది నూకరత్నం. అన్నిట్లో ఉంచమన్నాక ఒకటి ఒంపేస్తే మాట తప్పినట్టేనని గవరయ్య ఒప్పుకోలేదు. ముగ్గురూ నానబెట్టని అటుకులు నమిలి, దవడలు నొప్పెట్టాక సర్దుకున్నారు. గవరయ్య మొదటి ముడి విప్పాడు.

రెండోది వెలుతురు. నీళ్ళు పోతాయంటే నీళ్ళు పట్టుకున్నాం, వెలుతురు పోతుందంటే వెలుతురు పట్టుకోవాలి, ఇందులో తెలియనిదేముందన్నాడు పెంటయ్య. తమ్ముడి బుర్రకు గవరయ్య మురిసిపోయాడు. ఇనప్పెట్టెలో బట్టలన్నీ బయట పడేసి, పెట్టెను బల్బు కింద మూత తెరిచి పెట్టారు. ఇంట్లో ఉన్న రెండు బల్బులూ వేశారు. వెలుతురు కారిపోకుండా తలుపులు, కిటికీలు మూశారు. మధ్యాహ్నం దాకా పెట్టె నిండనిచ్చారు. నూకరత్నం చెయ్యి పెట్టి చూసి, అంచుల దాకా వచ్చిందని చెప్పింది. అంతే, దభీమని మూత వేసి తాళం బిగించారు.

మూడు గంటలకు కరెంటు పోయింది. బయట మబ్బు కమ్మి ఇల్లు చీకటైంది. ముగ్గురూ పెట్టె చుట్టూ చేరారు. కళ్ళు చెదురుతాయని నూకరత్నం కొంగు అడ్డం పెట్టుకుంది. పెంటయ్య మూత ఎత్తాడు. లోపల కూడా చీకటే.

గవరయ్య పెట్టెను తలకిందులు చేసి చూశాడు. అడుగున తుప్పు పట్టి చిన్న చిల్లుంది.

"అదిగో, ఇందులోంచి కారిపోనాది. వెలుతురు బాగానే పట్టినాం, పెట్టే మంచిది కాదు" అన్నాడు.

తప్పు తమది కాదని తేలింది కాబట్టి రెండో ముడీ విప్పేశాడు.

ఈలోగా గాలి మొదలైంది. కొబ్బరి మట్టలు ఊగుతున్నాయి. గవరయ్య మూడో ముడి పట్టుకున్నాడు. ఎగిరిపోయేవన్నీ లోపల పెట్టాలి. చేటలు తెచ్చారు, చాపలు తెచ్చారు, ఆరేసిన చీర తెచ్చారు. రెక్కలున్నవి అన్నిటికన్నా ముందు ఎగురుతాయని నూకరత్నానికి తట్టింది. అంతే, దొడ్లో ఉన్న పదకొండు కోళ్ళనూ తరిమి పట్టి ఇంట్లో వదిలారు. కోళ్ళు బెదిరి బిందెల మీదికి ఎక్కాయి, కుండల మీద నుంచి దూకాయి. పొద్దుటి నుంచి పట్టిన నీళ్ళలో సగం నేల పాలైంది. ఇల్లు బురద, బురదలో అటుకులు, అటుకుల కోసం కోళ్ళ కొట్లాట.

గవరయ్యకు అదేదీ పట్టలేదు. అతను పైకి చూస్తున్నాడు.

"కిందటేడు మనింట్లో ఎగిరినదేటి?" అని అడిగాడు.

"కప్పు" అంది నూకరత్నం.

"మరి దాన్ని ఒగ్గేసి కోళ్ళ ఎనకాల పడ్డామేటి?"

ఎంత పొరపాటు జరగబోయింది. పెంటయ్య నిచ్చెన వేసి ఎక్కాడు. గవరయ్య నట్లు విప్పాడు. నూకరత్నం కింద నిలబడి ఒక్కొక్క రేకూ అందుకుని ఇంట్లోకి మోసింది. చీకటి పడేలోగా పదహారు రేకులూ ఇంటి మధ్యలో ఒకదాని మీద ఒకటి చక్కగా పేర్చి ఉన్నాయి. పైన రుబ్బురోలు పెట్టారు. అదీ చాలదని రోలు చుట్టూ ముగ్గురూ ఎక్కి కూర్చున్నారు. ఇప్పుడు ఏ గాలి వచ్చినా కదిలేది లేదు. గవరయ్య మూడో ముడి విప్పి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఏడాదిగా అతన్ని పట్టుకున్న భయం ఆ ఊపిరితో పోయింది.

కాసేపటికి తుపాను దారి మళ్ళి ఇంకెటో పోయింది. గాలి తగ్గింది. వాన మాత్రం కుండపోతగా పట్టుకుంది.

ఎదురింటి సన్యాసిరావు గొడుగు వేసుకుని, టార్చి పట్టుకుని ఎలా ఉన్నారో చూద్దామని వచ్చాడు. తలుపు తీసి లోపలికి అడుగు పెట్టి గొడుగు ముడవబోయాడు. ముడిస్తే నెత్తిన నీళ్ళు పడ్డాయి. మళ్ళీ తెరిచి పైకి చూశాడు.

"ఏటి గవరయ్యా, నీ కప్పు ఏదీ?"

"ఇంట్లో భద్రంగా ఉంది మావా" అని గవరయ్య కింద రేకుల మీద చెయ్యి తట్టాడు. "లెక్కెట్టుకో, ఒక్కటి కూడా ఎగరనేదు."

సన్యాసిరావు రేకుల మీద టార్చి వేసి చూశాడు. తర్వాత మెల్లగా, బతిమాలుతున్నట్టు చెప్పాడు. తుపాను పోయింది, ఇక గాలి రాదు, నేనూ ఒక చెయ్యి వేస్తాను, నాలుగు రేకులైనా పైన వేసుకుని వాటి కింద పడుకోండి.

తుపాను పోయిందనగానే గవరయ్య నాలుగో ముడీ విప్పి పైకి చూశాడు. కింద రేకుల వైపు చూశాడు. పెళ్ళాం వైపు, తమ్ముడి వైపు చూశాడు. ముగ్గురి మొహాల మీదా నీళ్ళు ధారగా కారుతున్నాయి. సన్యాసిరావు మాటలో న్యాయం ఉందనిపించి నిచ్చెన కోసం లేచాడు కూడా. అంతలో అసలు సంగతి తట్టి ఆగిపోయాడు. పాపం సన్యాసిరావు, మంచివాడే గానీ ముందుచూపు లేదు.

"ఇంత వానలో పైనెడితే రేకులు తడిసిపోవా మావా?" అన్నాడు.

నూకరత్నం అప్పుడే సన్యాసిరావు చేతిలోంచి గొడుగు తీసుకుని రేకుల మీద పట్టింది. పెంటయ్య తన చొక్కా విప్పి మిగిలిన మూల కప్పాడు.