సగం పోసిన సీసా

ఏలూరులో సుగుణకుమారి అనే ముప్పై ఆరేళ్ల ఆవిడ ఉండేది. ఏది తిన్నా పక్కవాళ్లకు సగం పెట్టేది, పెట్టొచ్చా అని మాత్రం ఎవరినీ అడిగేది కాదు.

ఒంట్లోని రక్షణ శక్తే తిరగబడి జుట్టు కుదుళ్లను దెబ్బతీసే జబ్బు ఆమెది. తల, కనుబొమలు, రెప్పలు అన్నీ బోసిపోయాయి. ఊళ్లో ఒక ఆసుపత్రి దానికి కొత్త మందు పరీక్షిస్తోందని తెలిసి చేరింది. అదే జబ్బున్న షాహీన్ అక్కడే పరిచయమైంది.

"మీలో సగంమందికి మందు, సగంమందికి మందు లేని ఉత్త మాత్ర. ఎవరికేదో నాకూ తెలీదు," అంది డాక్టర్ భానుజ. "ఈ మందు రోగాలను తట్టుకునే శక్తిని తగ్గిస్తుంది. జ్వరం తగిలితే వెంటనే చెప్పండి. మాత్రలు ఇంకొకరికి ఇవ్వొద్దు."

కొన్ని నెలలకు సుగుణకుమారికి కనుబొమలు మొలిచాయి. షాహీన్‌కు నూగు కూడా రాలేదు.

"ఆడపడుచు పెళ్లికి నన్ను రావద్దన్నాడక్కా మా ఆయన. నలుగురిలో పరువు పోతుందట," అని ఏడ్చింది షాహీన్.

"ఆయన బట్టతలకు పోని పరువు నీ గుండుకు పోయిందా?" అని మండిపడింది సుగుణకుమారి. అంత తెలిసిన మనిషీ ఆ పరువు కోసమే తన మాత్రలు సగం షాహీన్ సీసాలో పోసింది. ఆమెవి సగం తను తీసుకుంది. ఆసుపత్రిలో మాత్రల లెక్క తేడా రాకూడదు కదా!

షాహీన్ తలపై నూగు వచ్చింది. వెనకే జ్వరం, దగ్గు వచ్చాయి.

"డాక్టరుకు చెప్పకక్కా, పరీక్షలోంచి ఇద్దర్నీ తీసేస్తారు," అని బతిమాలింది. సుగుణకుమారి చెయ్యి తన కనుబొమ మీదికి పోయింది. జ్వరం సంగతి డాక్టరుకు చెప్పలేదు.

జ్వరం ముదిరాక షాహీన్‌ను ఆసుపత్రికి మోసుకొచ్చారు. ఆసుపత్రి ఆమెకు ఏ మాత్ర ఇచ్చిందో డాక్టర్ భానుజ పరీక్ష నడిపేవాళ్లను అడిగి కనుక్కుంది.

"ఈమెది ఉత్త మాత్రే. మందు వల్ల వచ్చింది కాదు," అని మామూలు జ్వరానికి వైద్యం మొదలుపెట్టింది. సుగుణకుమారి మంచం పక్కనే నిలబడి వింది. మర్నాడు షాహీన్‌కు ఊపిరి అందకపోతే అప్పుడు నిజం చెప్పింది.

"నిన్న ఇక్కడే ఉన్నావు కదమ్మా!" అంది డాక్టర్. వెంటనే వైద్యం మార్చింది.

ఆ సాయంత్రమే షాహీన్ పోయింది. పెళ్లికి రావద్దన్న మొగుడు అందరికంటే గట్టిగా ఏడ్చాడు.

సుగుణకుమారిని పరీక్షలోంచి తీసేశారు. కనుబొమలు మళ్లీ రాలిపోయాయి. ఆ తర్వాత ఆమె ఏ మందూ వాడలేదు.

జాలితో చేసిన తప్పును భయంతో దాచిపెడితే ప్రాణం పోతుంది.